కన్నీళ్లు ‘ఆపాడా’, ‘ఆపుకున్నాడా’, ‘దిగమింగాడా’: ఒక ప్రూఫు తగాదా

అచ్చుతప్పు
ఒక చిన్న ప్రచురణ సంస్థకు ఇంటి దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతుంటాను. పోయిన వారం ఒక కథల సంపుటి వచ్చింది. అందులో ఒక కథలో తండ్రి శవం వాకిట్లో ఉండగా పెద్దకొడుకు వచ్చినవాళ్లకు కుర్చీలు వేయిస్తూ, ఐసుపెట్టెకు కరెంటు తీగ సరిగా ఉందో లేదో చూసుకుంటూ తిరుగుతుంటాడు. కథ బాగుంది. అయితే ఒకే పుటలో అతడు ‘కన్నీళ్లు ఆపాడు’, తమ్ముడిని చూసి ‘కోపం ఆపుకున్నాడు’, అగరొత్తుల పొగకు ‘ఊపిరి ఆపుకున్నాడు’, మేనత్తతో అనబోయిన ‘మాట ఆపుకున్నాడు’. ఆ పుట అడుగున అతడి యజమాని రెండు నెలలుగా ‘జీతం ఆపుకున్నాడు’ అని ఉంది.

నేను మొదటిదాన్ని ‘దిగమింగాడు’ అని, రెండోదాన్ని ‘తమాయించుకున్నాడు’ అని, మూడోదాన్ని ‘బిగబట్టాడు’ అని, నాలుగోదాన్ని ‘మింగేశాడు’ అని, చివరిదాన్ని ‘తొక్కిపెట్టాడు’ అని మార్చి పంపాను. రచయిత ఫోను చేసి కోప్పడ్డారు. ‘నిఘంటువు తెరిచి చూడండి, అవన్నీ పర్యాయపదాలే, ఒకటి ఉన్న చోట ఇంకొకటి పెట్టడానికి మీకెందుకంత శ్రమ’ అన్నారు. తెరిచి చూశాను. ఒక మాట నన్ను రెండో మాట దగ్గరికి పంపింది, రెండోది మూడోదాని దగ్గరికి పంపింది, మూడోది తిరిగి మొదటిదాని దగ్గరే దింపింది. ఇవి నిజంగా ఒకటేనా, లేక ఒక్కొక్కదానికి తన చోటు అంటూ ఉందా అన్నది మీరు చెప్పాలి.

నిఘంటువు_పురుగు
మీరు మొదట దిద్దవలసింది పర్యాయపదాన్ని కాదు, ‘ఆపుకున్నాడు’లో దాగిన ‘కొను’ను. ‘ఆపాడు’ అన్నప్పుడు ఆపేవాడు ఒకడు, ఆగేది అతడికి బయట ఉన్నది. బస్సు ఆపాడు, గొడవ ఆపాడు, పెళ్లి ఆపాడు. ‘ఆపుకున్నాడు’ అన్నప్పుడు ఆగేది అతడి లోపలిదో, అతడి సొంతానిదో అయి ఉండాలి. ‘అతడు కన్నీళ్లు ఆపాడు’ అన్న వాక్యం చదివితే ఎవరో ఏడుస్తున్న పిల్లవాడికి బిస్కట్టు ఇచ్చి ఊరుకోబెట్టినట్టు నాకు అనిపిస్తుంది. యజమాని ‘జీతం ఆపుకున్నాడు’ అంటే పాపం ఆయన తన జీతం తానే తీసుకోవడం లేదన్న అర్థం వస్తుంది. ‘కొను’ ఉండవలసిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. ఈ రెండూ సరిచేస్తే మిగతా మూడు చోట్ల రచయిత మాటను అలాగే ఉంచవచ్చని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. ఆగు-ఆపు, అణగు-అణచు, నిలుచు-నిలుపు, మాను-మాన్పు, ఉడుగు-ఉడుపు అని ఈ క్రియలు మనకు జంటలుగా ఉన్నాయి. ప్రతి జంటలో మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు జరిపించేది. ‘నవ్వు ఆగలేదు’ అన్నవాడు తప్పును నవ్వు మీదికి నెట్టేశాడు. ‘నవ్వు ఆపుకోలేకపోయాను’ అన్నవాడు తన చేతకానితనాన్ని ఒప్పుకున్నాడు. మా ఇంట్లో పిల్లలు ఎప్పుడూ మొదటిదే వాడతారు.

పెన్న_ఒడ్డు
యజమాని విషయంలో ‘ఆపుకున్నాడు’ పూర్తిగా తప్పు కాకపోవచ్చు. ఆ డబ్బు తన దగ్గరే ఉంచుకున్నాడన్న కోపంతో రచయిత కావాలనే అలా రాసి ఉండవచ్చు. ‘అట్టేపెట్టుకున్నాడు’ అన్నా అదే కదా.

నిఘంటువు_పురుగు
అట్టేపెట్టుకోవడంలో తరవాత వాడుకోవడానికి దాచుకున్న అర్థం ఉంటుంది. కొత్త చీరను పండగకు అట్టేపెట్టుకుంటాం. పరాయివాడి జీతాన్ని అలా దాచుకున్న యజమానికి ఆ మాట నప్పుతుందని మాత్రం ఒప్పుకుంటాను.

ఎక్స్‌రే_గది
ఇరవై రెండేళ్లుగా నేను ఎక్స్‌రేలు తీస్తున్నాను. ‘గాలి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి’ అన్న మాట రోజుకు ఎన్నిసార్లు అంటానో నాకే లెక్క లేదు. కొత్తలో ‘ఊపిరి ఆపండి’ అనేవాడిని. ఒకసారి ఒక పెద్దావిడ గడ్డం పలక అంచుకు ఆనించి నిలబడినదల్లా వెనక్కి తిరిగి, ‘ఆపితే ఇంకేముంది నాయనా’ అంది. ఆ రోజు నుంచి మాట మార్చాను. ఊపిరి ఆగిందంటే మనిషి పోయినట్టు. బిగబట్టడమంటే కాసేపట్లో వదిలే ఉద్దేశంతో పట్టి ఉంచడం. గాలి నిండా పీల్చి బిగబడితేనే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకుని కనిపిస్తాయి, కదలిక లేకపోతేనే బొమ్మ మసక లేకుండా వస్తుంది. అందుచేత అచ్చుతప్పు గారు మూడోచోట చేసిన మార్పుకు నా ఓటు.

అచ్చుతప్పు
‘వదిలే ఉద్దేశంతో పట్టి ఉంచడం’ అన్న మాటను ప్రూఫు అంచున రాసుకున్నాను. ఇది నిఘంటువులో దొరకలేదు.

దివిసీమ_టీచర్
బిగబట్టడం దగ్గరే ఆగిపోకండి, దాని పక్కన ‘ఉగ్గబట్టడం’ ఉంది. బిగబట్టేది కొద్దిసేపు, ఎంతసేపో బిగబట్టేవాడికి తెలుసు. ఉగ్గబట్టుకునేవాడికి అది ఎప్పటికి తీరుతుందో తెలియదు. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి గురించి మా అమ్మ చెప్పినప్పుడల్లా ‘తెల్లవారేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని దూలం మీద కూర్చున్నాం’ అనేది. ఆ చోట ‘బిగబట్టుకుని’ అని పెట్టి చూడండి, రాత్రంతా చిన్నదైపోతుంది.

బందరు_హల్వా
మా ఇళ్లలో ఏడుపును కూడా ఉగ్గబట్టుకుంటాం. అత్తారింటికి వెళ్లే బస్సు కదిలేదాకా ఉగ్గబట్టుకుని, మలుపు తిరగగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేయడం మా అక్కల దగ్గర నేను చూశాను. దానికి ఎంతసేపో వాళ్లకు తెలుసు, మలుపు దాకానే. కాబట్టి టీచరు గారు పెట్టిన గీత అంత నిక్కచ్చిగా లేదు.

దివిసీమ_టీచర్
మలుపు ఎప్పుడు వస్తుందో డ్రైవరుకు తెలుసు, మీ అక్కకు కాదు.

ఓరుగల్లు_కాకా
మా దిక్కు ‘ఉగ్గ’ నేను ఎప్పుడూ వినలేదు. మేము ‘ఆగబట్టుకున్నది’ అంటాం. ఏడుపు ఆగబట్టుకున్నది, నవ్వు ఆగబట్టుకున్నడు. ఇంకొకటి కూడా ఉంది. ‘జర దమ్ము పట్టు’ అంటే తొందరపడకు, ఓపిక పట్టు అని. దమ్ము అంటే ఉర్దూలో ఊపిరి. బిర్యానీ గిన్నె మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి సన్న సెగ మీద దమ్ముకు పెట్టడంలో ఉన్నదీ అదే దమ్ము. ఆవిరి బయటికి పోకుండా గిన్నె ఊపిరి బిగబడుతుంది, మూత తీసేదాకా మనం దమ్ము పడతాం.

వెలగపండు
అయితే కథలో పెద్దకొడుకు దమ్ము మీద ఉన్నాడని రాస్తే సరిపోతుంది.

ఓరుగల్లు_కాకా
పిండి ఎవరు అంటిస్తారో అది కూడా మీరే చెప్పాలి.

పాత_గుమస్తా
జీతం సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ చర్చలో జీతం ఆగిన అనుభవం నాకొక్కడికే ఉన్నట్టుంది. అచ్చుతప్పు గారు ‘తొక్కిపెట్టాడు’ అని మార్చడం పొరపాటు. ఫైలును తొక్కిపెడతారు, ఫిర్యాదును తొక్కిపెడతారు, వార్తను తొక్కిపెడతారు. అంటే బయటికి వస్తే ఎవరికో నష్టం కలిగే దాన్ని బయటికి రాకుండా కాలి కింద వేసుకోవడం. జీతానికి బయటికి రావడం, రాకపోవడం అన్నది లేదు, అది చేతికి అందుతుందా లేదా అన్నదే ఉంటుంది.

కార్యాలయపు భాషలో దానికి ‘నిలుపుదల’ అన్న మాట ఉంది. నా వార్షిక ఇంక్రిమెంటును ఒకసారి నిలుపుదల చేశారు. ఆ ఉత్తర్వు కాగితాన్ని నేను పదిసార్లు చదువుకున్నాను. నిలిపిన ఇంక్రిమెంటు గడువు తీరాక తిరిగి రావడం ఒక శిక్ష, దాని ప్రభావం తరవాతి ఇంక్రిమెంట్లన్నింటి మీదా పడుతూ పోవడం మరొక శిక్ష, రెండోది చాలా పెద్దది. ‘సంచిత ప్రభావం లేకుండా’ అన్న మూడు మాటలు ఆ కాగితంలో ఉన్నాయా లేవా అని మా ఆవిడ కూడా కళ్లజోడు పెట్టుకుని చూసింది. ఉన్నాయి. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశారంటే మీరు నమ్మరు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ‘నిలుపుదల’ అన్నప్పుడు సొమ్ము నీదే, ఇప్పుడు ఇవ్వడం లేదు అన్న ఒప్పుకోలు అందులో ఉంది. ‘కోత’ అంటే పోయినట్టే. ‘ఎగవేత’ అంటే ఇవ్వవలసినవాడు ఇవ్వకూడదని నిశ్చయించుకున్నట్టు. ఆ యజమాని ఈ మూడింటిలో ఏది చేశాడో రచయితకు తెలిసి ఉండాలి.

పెన్న_ఒడ్డు
గవర్నరు బిల్లుల విషయంలో ఈ తేడా రోజూ పత్రికల్లో కనిపిస్తుంది. రాజ్యాంగం 200వ అధికరణం ప్రకారం శాసనసభ ఆమోదించిన బిల్లు తన దగ్గరికి వచ్చినప్పుడు గవర్నరు ఆమోదం తెలపవచ్చు, ఆమోదాన్ని నిలిపి ఉంచవచ్చు, లేదా రాష్ట్రపతి పరిశీలనకు అట్టేపెట్టవచ్చు. ఒక పత్రిక ‘నిలిపి ఉంచారు’ అని రాస్తే రెండో పత్రిక ‘తొక్కిపెట్టారు’ అని రాస్తుంది. ఏ పత్రిక ఎవరి పక్షమో క్రియ చూసి చెప్పేయవచ్చు.

బందరు_హల్వా
‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’ అన్న గోడరాతను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ‘ఆపరాదు’ అని ఒక్కచోట కూడా రాయలేదు. ఇప్పుడు అర్థమైంది. అక్కడ బండి ఆపి మనిషిని దింపవచ్చు, బండిని అక్కడే పెట్టి వెళ్లిపోకూడదు. ఆపడం క్షణం, నిలపడం కాలం.

నిఘంటువు_పురుగు
ఈ ఉదాహరణ నేను రాసిన పేరా కన్నా బాగుంది. జీతానికి ‘నిలిపాడు’ అని పెట్టమనేవాడిని, కానీ మాట్లాడుకునేటప్పుడు జీతం ఆపారనే అంటాం. కథ కాబట్టి ‘ఆపాడు’ చాలు, ఉత్తర్వు అయితే ‘నిలుపుదల’.

మడవ_దగ్గర
మాది కాలువ కింద పొలం. మీరంతా ‘ఆపు’ గురించి మాట్లాడుతున్నారు కానీ ‘కట్టు’ను మరిచిపోయారు. పట్నంలో పెరిగిన మా అల్లుడు మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు, ‘మామయ్య ఎక్కడ’ అని అడిగితే ‘చేలో నీళ్లు కడుతున్నాడు’ అని చెప్పారట. నేను నీళ్లను ఆపుతున్నానని అల్లుడు అనుకున్నాడు. నీళ్లు కట్టడమంటే మడవ, అంటే గట్టులో నీటికి ఉంచిన దారి, తెరిచి చేలోకి పారించడం. అదే మనిషి సాయంత్రం మడవ కట్టేశాడంటే నీటిని ఆపేసినట్టు. ఒకే ‘కట్టు’, పొద్దున పారిస్తుంది, సాయంత్రం ఆపుతుంది.

ఆనకట్ట కూడా అంతే. చాలామంది అది నదిని ఆపుతుందని అనుకుంటారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరిని ఆపలేదు. నీటి మట్టాన్ని ఎత్తి, కాలువల్లోకి మళ్లించింది. మిగిలిన నీరు దాని మీదుగా పొర్లి సముద్రానికి పోయేది. నిలవ చేసే జలాశయం వేరు, మళ్లించే ఆనకట్ట వేరు. ఏడుపులో కూడా ఈ రెండు రకాల మనుషులు ఉంటారని నా అనుమానం. ‘దుఃఖం కట్టలు తెంచుకుంది’ అంటున్నామంటే అది జలాశయం మనిషి గురించే.

అచ్చుతప్పు
మడవ_దగ్గర గారి మాట నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. ఆ కథలో పెద్దకొడుకు ఒక్కచోట నిలవడు. కుర్చీలు, షామియానా, ఐసుపెట్టె తీగ, మళ్లీ కుర్చీలు. అతడు ఏ రకం మనిషో రచయితకు తెలుసు, క్రియకు తెలియలేదు.

వెలగపండు
నాకు ‘కన్నీళ్లు దిగమింగాడు’ మీద అభ్యంతరం ఉంది. దుఃఖాన్ని దిగమింగుతారు, అవమానాన్ని దిగమింగుతారు, కోపాన్ని కూడా దిగమింగుతారు, ఎందుకంటే అవన్నీ గొంతు దాకా వచ్చేవే. కన్నీళ్లు కళ్లలో ఉంటాయి. కంట్లో ఉన్నదాన్ని మింగడం ఎలా? ఇది అలవాటుగా రాసే రాత, చూసి రాసింది కాదు.

ఎక్స్‌రే_గది
చూసే రాశారు. కంటి లోపలి మూలలో సన్నని రంధ్రాలు ఉంటాయి, అక్కడి నుంచి కన్నీరు ఒక నాళం ద్వారా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. చెంప మీదికి జారనివ్వని కన్నీరు కొంత ముక్కు వెనక నుంచి గొంతులోకే పోతుంది, ఆ ఉప్పదనం తెలుస్తుంది కూడా. కన్నీళ్లు దిగమింగడం అక్షరాలా జరిగే పనే.

వెలగపండు
అభ్యంతరాన్ని దిగమింగుతున్నాను.

మూలికల_అంగడి
ఆపుకోవడం గురించి ఆయుర్వేదంలో ఒక పూర్తి అధ్యాయమే ఉంది. శరీరం బయటికి తోసే వాటిని ‘వేగాలు’ అంటారు, వాటిని పట్టి ఉంచడం ‘వేగధారణ’. అష్టాంగ హృదయం సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో ఆపుకోకూడని 13 వేగాలను చెప్పారు. అవి అపానవాయువు, మలం, మూత్రం, తుమ్ము, దప్పిక, ఆకలి, నిద్ర, దగ్గు, శ్రమపడినప్పటి రొప్పు, ఆవులింత, కన్నీరు, వాంతి, శుక్రం. కన్నీరు ఆపుకుంటే పీనస, కంటినొప్పి, తలనొప్పి, గుండెలో నొప్పి, మెడ పట్టేయడం, తిండి మీద అయిష్టం వంటివి వస్తాయని చెప్పి, దానికి చికిత్సగా నిద్ర, మద్యం, ఇష్టమైన కథలు అని రాశారు.

ఇక ఆపుకోవలసినవి వేరే ఉన్నాయి. చరకుడు సూత్రస్థానం ఏడో అధ్యాయంలో లోభం, శోకం, భయం, క్రోధం వంటి వాటి వేగాలను పట్టి ఉంచమన్నాడు. గమనించండి, శోకాన్ని పట్టి ఉంచమన్నాడు, కన్నీటిని వద్దన్నాడు. అచ్చుతప్పు గారి పుటలో కోపం ఆపుకోవడం వైద్యశాస్త్రం ప్రకారం సరే, కన్నీళ్లు ఆపుకోవడం ఆరోగ్యానికి చేటు.

బందరు_హల్వా
మద్యం, కథలు రెండూ చికిత్సే అని మా బాబాయి ఎన్నాళ్లుగానో చెబుతున్నాడు. ఆయన మీద అనవసరంగా కోప్పడ్డాం.

ఓరుగల్లు_కాకా
తుమ్మును ఏమి చేస్తారో ఎవరూ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో తుమ్ము వస్తే ‘దిగమింగాడు’ అంటే బాగుండదు, ‘అణచుకున్నాడు’ అంటే ఏదో తిరుగుబాటును అణచినట్టు ఉంటుంది.

నిఘంటువు_పురుగు
అందుకే ‘ఆపుకున్నాడు’ అన్న మాట ఉంది. మిగతావన్నీ తమ తమ సొంత సామాను వెంటబెట్టుకుని వస్తాయి, ఇది చేతులూపుకుంటూ వస్తుంది. రచయిత ఇదొక్కటే వాడటానికి కారణం బద్ధకమే కానక్కరలేదు. అణచడంలో మాత్రం పై చేయి, కింది చేయి తప్పకుండా ఉంటాయి. తిరుగుబాటును అణచేది రాజు. ఆవేశాన్ని అణచుకునేవాడిలో కూడా ఒక రాజు, ఒక తిరుగుబాటుదారు కలిసి కాపురం చేస్తున్నారన్నమాట.

దివిసీమ_టీచర్
సంస్కృతం నుంచి వచ్చిన వాటి మీద కూడా ఒక మాట. నిరోధించడం అంటే రాకుండా అడ్డుపడటం, నివారించడం అంటే ముందే లేకుండా చేయడం, వారించడం అంటే వద్దని ఒకరికి చెప్పడం, నిగ్రహించడం అంటే చెప్పుచేతల్లో ఉంచుకోవడం. దూకబోయేవాడిని వారిస్తాం, నివారించం. దోమలను నివారిస్తాం, వారించం. ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు వ్యాసాల్లో ‘ప్లాస్టిక్‌ను వారించాలి’ అని రాస్తూనే ఉంటారు.

‘నిరోధం’ దగ్గర నాకు వేరే కష్టం ఉండేది. పతంజలి యోగసూత్రాల్లో యోగం అంటేనే చిత్తవృత్తి నిరోధం. భౌతికశాస్త్రంలో విద్యుత్తు ప్రవాహాన్ని అడ్డుకునే గుణం నిరోధం, దాని ప్రమాణం ఓమ్. అయితే 1968 నుంచి ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కోసం పంచిన వస్తువు పేరు కూడా నిరోధే కావడంతో, పదో తరగతిలో ‘ఈ తీగ నిరోధం ఎంత’ అని నేను అడిగిన ప్రతిసారీ వెనక బెంచీలు ఊపిరి బిగబట్టేవి. ముందు బెంచీల్లో ఒకడు నవ్వు ఉగ్గబట్టుకోలేక బల్ల కిందికి దూరేవాడు.

పాడి_గేదె
మా ఇంట్లో పాడి ఉంది కాబట్టి ఎవరూ చెప్పని క్రియ ఒకటి చెబుతాను. గేదె పాలు వదలడాన్ని ‘చేపడం’ అంటాం. దూడ నాలుగు గుక్కలు తాగాక పొదుగులోకి పాలు దిగుతాయి, అప్పుడు దూడను లాగి పక్కన కట్టి పాలు పితుకుతాం. కొత్తవాళ్లు కూర్చున్నా, కుక్క మొరిగినా, దూడ చనిపోయినా గేదె పాలు ఇవ్వకుండా పట్టేస్తుంది. దాన్ని మా నాయనమ్మ ‘ఎగజేపింది’ అనేది. పొదుగు నిండుగానే కనిపిస్తుంది, చేతికి చుక్క రాదు. అప్పుడు గట్టిగా పిండితే లాభం లేదు. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ముందు తవుడు పెట్టి, వీపు నిమిరి కాసేపు ఊరుకోవాలి. అది పంతంతో చేసే పని కాదని, భయపడినప్పుడు పాలు దిగవని పశువుల డాక్టరు చెప్పారు.

డాలస్_చలిలో
పాడి_గేదె గారి ‘ఎగ’ నాకు ఒక సంగతి గుర్తుచేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఒకసారి ‘అమ్మా, నేను నవ్వును వెనక్కి పట్టుకున్నాను’ అంది. తప్పు అని తెలుసు, ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. ఇప్పుడు ఈ చర్చలో వచ్చిన మాటలన్నీ చూస్తుంటే ఒకటి కనిపిస్తోంది. మనం దేన్నీ వెనక్కి పట్టం. కిందికి నెడతాం. దిగమింగుతాం, అణచుకుంటాం, అదిమిపెడతాం, తొక్కిపెడతాం. అన్నీ కిందికే. ‘ఎగజేపు’ ఒక్కటే పైకి పోతోంది, అది కూడా మనిషి చేసే పని కాదు.

నిఘంటువు_పురుగు
చాలా బాగుంది, కానీ ‘వెనకాడు’, ‘వెనుదీయు’, ‘వెనక్కి తగ్గు’ ఉన్నాయి కదా.

డాలస్_చలిలో
వాటిలో వెనక్కి పోయేది మనిషి. నవ్వు, ఏడుపు వెనక్కి పోవు.

నిఘంటువు_పురుగు
ఒప్పుకున్నాను.

మడవ_దగ్గర
కిందికి నెట్టాక ఎక్కడికి చేరుతుందో కూడా మన మాటల్లోనే ఉంది. కడుపులోకి. ‘ఈ మాట కడుపులో పెట్టుకో’ అంటే ఎవరికీ చెప్పకు అని. ‘మా తప్పులు కడుపులో పెట్టుకోండి’ అంటే క్షమించండి అని. అలా పెట్టుకోలేనివాడిని ‘వాడి నోట్లో నువ్వుగింజ నానదు’ అంటారు. నువ్వుగింజ నానడానికి ఎంతసేపు పడుతుంది కనుక, అంతసేపు కూడా నోరు మూసుకుని ఉండలేడు.

పెన్న_ఒడ్డు
అదే ‘పెట్టుకొను’ కళ్ల దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది. మాట కడుపులో పెట్టుకుంటే దాచినట్టు. కన్నీళ్లు పెట్టుకుంటే ఏడ్చినట్టు. మనసులో పెట్టుకుంటే పగ. తెలుగు నేర్చుకునే పరభాషవాళ్ల మీద నాకు జాలి వేస్తోంది.

వెలగపండు
నోటి దాకా వచ్చిన మాటకు అచ్చుతప్పు గారు ‘మింగేశాడు’ అని పెట్టింది మాత్రం సరిగ్గా ఉంది. అయితే ‘నీళ్లు నమిలాడు’ అన్న దానితో కలపకండి. మాట మింగినవాడికి ఏమి అనాలో తెలుసు, అనలేదు. నీళ్లు నమిలినవాడికి ఏమి అనాలో తోచలేదు, లేదా చెప్పడానికి ధైర్యం చాలలేదు. మేనత్త ముందు ఈ కొడుకు ఏ స్థితిలో ఉన్నాడో కథ చదివినవారు చెప్పాలి.

అచ్చుతప్పు
అనవలసింది తెలుసు. తండ్రి మంచాన పడ్డ ఏడాదిన్నరలో మేనత్త ఒక్కసారి కూడా రాలేదు.

వెలగపండు
అయితే మింగేశాడు.

ఎక్స్‌రే_గది
కోపానికి ‘తమాయించుకున్నాడు’ ఉంచుతున్నారా? నాకు ఆ మాటలో కోపం అప్పటికే ముఖం మీదికి వచ్చేసి, మనిషి మళ్లీ సర్దుకున్నట్టు వినిపిస్తుంది. తూలిపడబోయినవాడు కూడా తమాయించుకుంటాడు కదా.

అచ్చుతప్పు
అందుకే ఉంచుతున్నాను. తమ్ముడు శవం దగ్గర ఫోను మాట్లాడుతుంటే అన్న రెండు అడుగులు అటు వేసి ఆగుతాడు. తూలి నిలదొక్కుకున్నట్టే ఉంది.

పాత_గుమస్తా
రచయితతో మళ్లీ మాట్లాడారా, లేక మనం ఆయన పరోక్షంలో ఆయన పుటను ఉతికి ఆరేస్తున్నామా?

అచ్చుతప్పు
నిన్న సాయంత్రం మాట్లాడాను. ఈ చర్చలో వచ్చిన మాటల్లో ఐదారు ఆయనకు చదివి వినిపించాను. గోడరాత ఉదాహరణకు నవ్వారు, ఎగజేపిన గేదె దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. ఊపిరికి ‘బిగబట్టాడు’, కోపానికి ‘తమాయించుకున్నాడు’, మాటకు ‘మింగేశాడు’ ఒప్పుకున్నారు. జీతానికి ‘ఆపుకున్నాడు’లో ‘కొను’ తీసేసి ‘ఆపాడు’ అన్నారు. కన్నీళ్ల వాక్యం దగ్గర మాత్రం ‘మీ దిగమింగుడూ వద్దు, నా ఆపుడూ వద్దు, రాత్రికి పంపుతాను’ అని ఫోను పెట్టేశారు.

రాత్రి పదకొండింటికి పంపారు. ఆ వాక్యం మొత్తం కొట్టేశారు. దాని చోట ఇలా ఉంది: ‘కుర్చీలు లెక్కపెట్టాడు. ముప్పై రెండు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.’

మడవ_దగ్గర
నీళ్లు కట్టాడు.

దివిసీమ_టీచర్
ఇక ఆ పుటలో వేలు పెట్టకండి.

పాత_గుమస్తా
ప్రూఫులు దిద్దినందుకు మీకు రావలసిన సొమ్ము అందిందా?

అచ్చుతప్పు
పోయిన సంపుటిదే ఇంకా రాలేదు. అడిగితే ‘ఈ నెలాఖరుకు చూద్దాం’ అన్నారు. అది నిలుపుదలో, ఎగవేతో ఒకటో తారీఖున వచ్చి చెబుతాను.